ఎత్తు మీద వణికే బండి

కరోనా తగ్గి విమానాలు మళ్ళీ నిండుగా తిరగడం మొదలైన ఏడాది, ఎండలు ముదరకముందే, నన్ను కాటేదాన్ వర్క్‌షాప్ నుంచి శంషాబాద్ షెడ్డుకు మార్చారు. హోదా అదే, హెడ్ మెకానిక్. మా పనిలో మెట్లు మూడే. హెల్పర్ సామాను అందిస్తాడు, మెకానిక్ విప్పి బిగిస్తాడు, హెడ్ మెకానిక్ విని చెప్తాడు. నేను బడికి పోయింది అయిదో తరగతి దాకానే. మిగతాదంతా బండ్ల కింద పడుకుని నేర్చుకున్నాను. రిటైరై ఇంట్లో కూర్చున్న ఇన్నాళ్ళకు కూడా రోడ్డు మీద బస్సు పోతుంటే అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. "మల్ల పోయిండు షెడ్డుకు" అని మా ఆవిడ నవ్వుతుంది. ఆ షెడ్డు మీద నాకున్న మనాది, బెంగ అటువంటిది.

విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళను తెచ్చి దింపే మినీ బస్సులను చూసుకోవడం మా షెడ్డు పని. వాటిలో కొన్ని కంపెనీవి, కొన్ని అటాచ్‌డ్ బండ్లు. అంటే బండి డ్రైవర్‌దే, కంపెనీ ఇచ్చిన రూటులో నడుపుకుంటాడు. సాతంరాయి ప్రభుదాస్‌ది అటువంటి బండి. మామిడిపల్లి వైపు నుంచి ఊడ్చి తుడిచే పనికి పోయే ఆడవాళ్ళను ఎక్కించుకుని టెర్మినల్ దగ్గర దింపేవాడు. అతని భార్య సుగుణ కూడా అదే పనిలో ఉండేదట. మొగుడి బండిలోనే, అతని వెనక సీట్లో కూర్చుని డ్యూటీకి పోయేదట. నేను షెడ్డుకు వచ్చేనాటికి ఆమె చనిపోయి కొన్ని నెలలైంది. నేను ఆమెను చూడలేదు.

ప్రభుదాస్ ఫిర్యాదు ఒక్కటే. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వణుకుతున్నది, కింద నుంచి గుయ్యిమని మోత వస్తున్నది. అప్పటికే బయట ఒక గ్యారేజీలో చూపించి క్రౌన్-పినియన్ మార్పించాడు. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి డబ్బా ఉంటుంది చూడండి, దాని లోపల ఇంజను తిప్పుడును చక్రాల తిప్పుడుగా మలిపే రెండు పళ్ళ చక్రాలే క్రౌన్, పినియన్. కొత్తవి వేసినా వణుకు పోలేదు. కూర్చునేవాళ్ళు సూపర్‌వైజర్‌కు చెప్పుకున్నారు. వచ్చే సోమవారంలోగా బండి బాగుపడకపోతే ఆ రూటుకు ఇంకో బండిని పెడతామని ఆయన చెప్పేశాడు. ఆయన తప్పేమీ లేదు, మనుషుల్ని ఎక్కించే బండి మరి.

ప్రభుదాస్ మా షెడ్డు గేటు దగ్గర బండి ఆపి, దిగకుండానే నాతో అన్నాడు:

"బండి పోతే ఇంకో బండి దొరుకుతది యాదన్నా. గీ రూటు పోతే నాకు మల్ల దొరకది. సుగుణ నా ఎనక కూసోని పోయిన తొవ్వ ఇది. దినాం గా తొవ్వల పోతుంటె జర పానం నిమ్మళముంటది."

తాళంచెవి ఇమ్మన్నాను.

ఇరుసులో చప్పుడు పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు విప్పకూడదు, ముందు వినాలి. బండిని మంచి రోడ్డు మీదికి తీసుకుపోయి మూడు రకాలుగా నడపాలి. యాక్సిలరేటర్ తొక్కుతూ ఒకసారి, ఒకే వేగంలో ఒకసారి, కాలు తీసేసి బండిని దాని మానాన వదిలి ఒకసారి. తొక్కినప్పుడే మోత వస్తే పళ్ళకు ఒక వైపు అరుగుదల, వదిలినప్పుడే వస్తే రెండో వైపు. మూడింటిలోనూ వస్తే బేరింగుల మీద అనుమానపడాలి. మలుపు తిరిగినప్పుడు మాత్రమే వస్తే లోపలి చిన్న పళ్ళ చక్రాలు. నున్నటి రోడ్డు మీద ఒక తీరుగా, గరుకు రోడ్డు మీద ఇంకో తీరుగా వినిపిస్తే అది ఇరుసుది కానే కాదు, టైర్లది. ఈ కాస్త ఓపిక లేకనే మంచి క్రౌన్-పినియన్లు ఎన్నో పాత ఇనుములోకి పోతుంటాయి.

విమానాశ్రయం రోడ్డు మీద ఖాళీ బండిని ఈ మూడు రకాలుగానూ నడిపాను. టైర్ల హోరు తప్ప ఏమీ లేదు. ఫ్లైఓవర్ కూడా ఎక్కి దిగాను. తెరిచిన కిటికీలోంచి గాలి తప్ప ఏ చప్పుడూ రాలేదు.

పక్క సీట్లో కూర్చున్న ప్రభుదాస్ ముఖం చిన్నబోయింది. "నేను అబద్దం చెప్తున్న అనుకుంటున్నవా అన్నా?" అన్నాడు.

"నువ్వు కాదు తమ్మీ, బండి చెప్తున్నది అబద్దం. దాని సంగతి రేపు చూద్దాం," అన్నాను.

షెడ్డుకు తెచ్చి ఇరుసు మూత విప్పించాను. పళ్ళకు నీలం రంగు పూసి చేత్తో తిప్పితే, రెండు చక్రాల పళ్ళు ఎక్కడ కలుస్తున్నాయో రంగు చెరిగిన చోట ముద్ర కనిపిస్తుంది. ముద్ర పంటికి మధ్యలో పడింది. బయటి గ్యారేజీ వాళ్ళు పని చక్కగానే చేశారు. ఇంజను తిప్పుడును ఇరుసుకు చేరవేసే పొడుగాటి షాఫ్టు కింద చెయ్యి పెట్టి, దాని రెండు చివర్ల కీళ్ళను, మేం క్రాస్‌లంటాం వాటిని, అటూ ఇటూ ఊపి చూశాను. వదులు లేదు. ఇగ మిగిలింది ఒకటే. ఫిర్యాదు ఎప్పుడు వస్తుందో అప్పుడే నేనూ బండిలో ఉండాలి.

మర్నాడు పొద్దున అతని ట్రిప్పులోనే ఎక్కాను. ఆడవాళ్ళతో బండి నిండుగా ఉంది, అన్నం డబ్బాలు, చున్నీలు, ఒకటే మాటలు. నేను సీట్లో కూర్చోకుండా, వెనక ఇరుసుకు సరిగ్గా పైన, నడిచే దారిలో కింద కూర్చుని అరచేయి నేలకు ఆనించాను. చప్పుడు వేరు, వణుకు వేరు. చప్పుడు చెవికి దొరుకుతుంది, వణుకు అరచేతికే దొరుకుతుంది.

మామిడిపల్లి లక్ష్మమ్మ అని ఒకావిడ, అందరికన్నా పెద్దది, పైనుంచి చూసి నవ్వింది. "సీట్లుండంగ కింద కూసునుడేంది అన్నా? నేలకు జ్వరమొచ్చిందా?"

"వచ్చిందక్కా, చూస్తున్న. మీరు ముందర కూసున్నోళ్ళు జర ఎనకకు జరగండి, బరువంతా నా దిక్కు రావాలె."

"మమ్ముల ఇసుక సంచులనుకుంటున్నవు గదా."

"ఇసుక సంచి గిన్ని మాటలు మాట్లాడదక్కా."

నవ్వుకుంటూనే జరిగారు. ఫ్లైఓవర్ ఎత్తు మొదలైంది. ప్రభుదాస్ యాక్సిలరేటర్ తొక్కాడు. నా అరచేతి కింద నేల ఒక్కసారిగా జలజలలాడింది, సీట్ల కాళ్ళు మోగాయి, వెంటనే గుయ్యిమనే మోత. "కాలు తియ్యి" అని అరిచాను. తీశాడు. ఆగిపోయింది. "మల్ల తొక్కు." మళ్ళీ వచ్చింది. పళ్ళ మోత సన్నగా, ఈల వేసినట్టు, వేగంతో పాటు పెరుగుతుంది. ఇది అట్లా లేదు. బరువు మీద, లాగేటప్పుడు మాత్రమే వచ్చే వణుకు. అంటే ఇరుసు లోపల ఏమీ లేదు. ఇరుసు మొత్తం తన చోటులో నిలవడం లేదు.

లక్ష్మమ్మ కిటికీ పట్టుకుని అంది: "ఇంతకుముందు గిట్ల లేకుండె అన్నా. ఆఖరుకు సుగుణ వచ్చిన దినాలల్ల ఈ బండి ఉయ్యాల లెక్క ఉండె. గుంతల పడ్డా తెల్వకపోతుండె. ఆమె ఉన్నప్పుడు మాకు సుఖం, ఇప్పుడు గీ వణుకుడు."

ఆ మాట నా చెవిలో పడింది. ఆడవాళ్ళు దిగాక బండిని షెడ్డుకు తెచ్చి కిందికి దూరాను. ఇరుసుకు, బండికి మధ్య బరువు మోసేవి కమాన్ పట్టీలు, ఒంపు తిరిగిన ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టిన కట్ట. రెండు పక్కలా లెక్కపెట్టాను. రెండు పక్కలా కట్ట పలచగా ఉంది. నడిమి పట్టీలు ఎవరో తీసేశారు. పట్టీలు తక్కువైతే బండి మెత్తగా ఊగుతుంది, అది నిజం. కానీ నిండా బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజను లాగుడుకు ఇరుసు ముందు మూతి పైకి లేస్తుంది. దాన్ని అణచిపెట్టేవి ఆ పట్టీలే. మూతి లేస్తే షాఫ్టు వంకరగా తిరుగుతుంది, వణుకుతుంది. ఖాళీ బండిలో లాగుడు తక్కువ, అందుకే ఏమీ తెలియదు.

బయటికి వచ్చి అడిగాను. "పట్టీలు ఎవరు తీసిన్రు తమ్మీ?"

ప్రభుదాస్ టైరు వైపు చూస్తూ చెప్పాడు.

"నేనే తీపిచ్చిన అన్నా. సుగుణకు నడుముల నరం పట్టింది. దవాఖానకు పోవాలన్నా డ్యూటీకి పోవాలన్నా ఇదే బండి. గతుకుల పడితే పెదవి కొరుక్కుని కూసునేది, నాకు అద్దంల కనపడేది. రెండేసి పట్టీలు తీపిస్తే జర నిమ్మళమైంది. అప్పుడు కరోనాకు సగం సీట్లే నిండుతుండె, వణుకుడు లేకుండె. జనం నిండుడు మొదలయ్యేసరికి ఆమె లేదు. గీ వణుకుడు అందుకే అని నాకు తెల్వది అన్నా, తెలిస్తే చెప్పకపోతునా?"

అబద్ధమాడే మనిషి కాడు. బండి మెత్తనైతే మంచిదే కదా అనుకున్నాడు, అంతే. పట్టీలు మళ్ళీ ఎక్కించాలి అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"వేరే ఏదన్నా చెయ్యి అన్నా. గది మాత్రం ముట్టకు. ఆమెకు నేను చేసింది గదొక్కటే మిగిలింది."

నేను ఆలోచించాను. ఇరుసు కింద చీలిక లాంటి ఇనుప ముక్క పెట్టి మూతిని కొంచెం కిందికి వంచవచ్చు, కొన్ని బండ్లకు చేస్తారు. కానీ అది నిలబడి ఉన్న బండికి కోణం సరిచేస్తుంది, లాగుడుకు లేచే మూతిని ఆపదు. ఆ సంగతి చెప్పాను. అయినా అతను ఒప్పుకోలేదు. సోమవారం రెండు రోజుల్లోకి వచ్చింది. రూటు పోగొట్టుకుంటే పోగొట్టుకుంటాడేమో గానీ పట్టీ మాత్రం ఎక్కించడని నాకు అర్థమైంది.

ఇక అతణ్ణే కిందికి రమ్మన్నాను. గోనెసంచి పరిచి పక్కపక్కన పడుకున్నాం. టార్చి వేసి, అన్నిటికన్నా పైన ఉండే పెద్ద పట్టీని, దాని చెవి వంపు దగ్గర చూపించాను. బండిని పట్టుకుని ఉండేది ఆ చెవే. అక్కడ వెంట్రుకంత సన్నని గీత ఉంది. నాలుగు పట్టీల బరువు రెండు మోస్తుంటే ఉక్కు అట్లాగే అలసిపోతుంది. గోరు పెట్టి గీసి చూడమన్నాను. అతని గోరు గీతలో ఆగింది.

"ఇది తెగితే?" అన్నాడు.

"ఇరుసు ఒక పక్కకు పోతది. ఫ్లైఓవర్ మీద తెగితే బండి నీ చేతుల ఉండది."

అతను అక్కడే పడుకుని ఉండే, "లక్ష్మక్క రెండు క్వింటాళ్ళు ఉంటది," అన్నాడు. నవ్వడానికి అన్న మాటే గానీ గొంతు నవ్వలేదు. తర్వాత, "ఇగ ఎక్కియ్యి అన్నా," అన్నాడు.

చెవి పట్టీ కొత్తది తెప్పించాం. తీసిన పట్టీలు సాతంరాయిలో అతని ఇంట్లోనే ఉన్నాయి, నీళ్ళ డ్రమ్ము మూత మీద బరువుగా పెట్టుకున్నాడు. అదే ఒంపు కాబట్టి అవే మేలని తెమ్మన్నాను. తుప్పు గీకి, గ్రీజు పూసి, కట్టి, బోల్టులు బిగించాం. అటూ ఇటూ ఒకే బిగువు ఉండాలి, లేకపోతే ఇరుసు వంకరగా కూర్చుంటుంది. ఆ బిగింపు నేనే చేశాను.

సోమవారం పొద్దున నిండు బండితో ఫ్లైఓవర్ ఎక్కాం. అరచేయి నేల మీదే ఉంచాను. ఇంజను పని చేస్తున్న సన్నటి కదలిక తప్ప ఏమీ లేదు. "మోత పోయిందే," అంది ఎవరో. గుంతలో పడగానే లక్ష్మమ్మ నడుము పట్టుకుని, "మోత పోయింది, సుఖమూ పోయింది. గట్టిగైంది బండి," అంది. ప్రభుదాస్ అద్దంలోంచి ఆమెను చూశాడు.

అందరూ దిగాక నన్ను తన వెనక సీట్లో కూర్చోమన్నాడు. తిరుగుదారిలో కావాలనే గతుకుల మీద నడిపాడు. "చూసి చెప్పు అన్నా. నడుముకు తగులుతుందా?"

తగులుతున్నది. అదే చెప్పాను.

"గట్లనే ఉండాలె గదా," అన్నాడు. రూటు అతనిదే నిలిచింది. నేను రిటైరయ్యేదాకా పొద్దున్నే గేటు ముందు నుంచి పోతూ హారన్ కొట్టేవాడు.

ఆ పని నుంచి నేను నేర్చుకున్నది ఇది. ఏ బండికైనా ఫిర్యాదు ఎంత బరువు మీద వచ్చిందో అంత బరువు మీదే నడిపి చూడాలి. ఇరుసు మూత విప్పే ముందు కమాన్ పట్టీలు రెండు పక్కలా లెక్కపెట్టాలి. తక్కువుంటే ఎవరు తీశారని మాత్రమే కాదు, ఎందుకు తీశారో కూడా అడగాలి. అది తెలుసుకోకుండా బిగించి పంపితే, పది రోజుల్లో ఎక్కడో ఒకచోట మళ్ళీ తీయిస్తారు.