విషయసూచికల ప్రసాదు

విషయసూచిక లేనిదే యేసుప్రసాద్‌కు నోరు పెగలదు. పత్తికొండలో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాడు. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాల్లో ఎక్కడ కొత్త శీర్షిక చేరినా, అది నంబరుతో సహా తనంతట తానే సూచికలోకి వచ్చి కూర్చునేట్టు ప్రోగ్రాం రాశాడు. అది కంప్యూటర్లోనే ఉండిపోతే బాగుండేది. మనిషిలోకి కూడా దిగింది.

"రాత్రికి ఏం చేసేది ప్రసాదూ?" అని వదిన జీవమ్మ అడిగితే, "ఒకటి, ఇంట్లో ఉండేవి. ఒకటి పాయింట్ ఒకటి, వంకాయలు" అని మొదలుపెట్టేవాడు.

"పాయింట్లు తిని పండుకో" అనేది జీవమ్మ.

చర్చిలో ఒకసారి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. శీర్షికలు చదవడం పూర్తయ్యేసరికి కానుకల సంచి తిరిగొచ్చింది, పాస్టరుగారు ఆశీర్వాదం ఇచ్చేశారు. సాక్ష్యం మాత్రం మిగిలిపోయింది. ఇంకోసారి ఆ ప్రోగ్రాం పక్కనున్న అతని సొంత ఫోల్డర్‌లో కూడా చెయ్యిపెట్టి, కంపెనీ పుస్తకంలో 'పాస్‌వర్డ్ మార్చుట'కూ 'లోపాలు, సవరణలు'కూ నడుమ 'క్రిస్మస్ పాటలు' చేర్చింది. పైవాళ్లు తిడితే, "నంబరు తప్పలేదు గదా సార్" అన్నాడు.

"మావాడు పుట్టినప్పుడు ఏడవలేదు, సూచిక చదివినాడు" అని అన్న ఏసేపు పడిపడి నవ్వేవాడు.

ఆ ఏసేపు వేరుశనగ విత్తే అదునులో పోయాడు. జ్వరమని కర్నూలు ఆసుపత్రికి పోయి ఆంబులెన్సులో తిరిగొచ్చాడు. పరామర్శకు వచ్చేవాళ్లకు చావు కథ మొదటినుంచీ కావాలి, అదీ పెళ్లాం నోటితోనే కావాలి. టీ తాగుతూ వింటారు. చివర్న అందరూ అడిగేది ఒకటే: "పాణం పోయేటప్పుడు పక్కన ఉంటివా?" జీవమ్మ పక్కన లేదు. డాక్టరు రాసిచ్చిన మందుల కోసం కింద అంగడి ముందు వరసలో నిలబడి ఉంది. అడిగిన ప్రతివాళ్ల కోసం ఆమె మళ్లీ ఆ మందులతో ఆసుపత్రి మెట్లు ఎక్కవలసి వచ్చేది.

కొన్నాళ్లకు ప్రసాదు అరుగు మీద కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లను అక్కడే పట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఒకటి, జ్వరం. ఒకటి పాయింట్ ఒకటి, జ్వరానికి ముందు ఒళ్లునొప్పులు." రెండో అధ్యాయం దాటకముందే వాళ్లకు బస్సు గుర్తొచ్చేది.

జీవమ్మకు ఒళ్లు మండింది. "మీ అన్న సావుకు గూడా నంబర్లేస్తాండావే, నువ్వు మనిషివేనా?" అంది. ప్రసాదు మరునాడు కూడా కుర్చీ అరుగు మీదే వేశాడు.

ఒకనాడు అతను కంపెనీ మీటింగులో ఉండగా వీధి చివరి గురమ్మ పెరటి దారిన వచ్చింది.

"ఏమ్మే జీవా, నీ మరిది నోటితో ఎవురికి గావల్ల? నువ్వు చెప్పు. ఆఖర్న నువ్వు యాడుంటివి?"

జీవమ్మ చేతిలో చేట ఆగిపోయింది. అంతలో ప్రసాదు ల్యాప్‌టాప్‌తో సహా వచ్చి ఇద్దరి మధ్య చతికిలబడ్డాడు.

"మధ్యలోనించి ఇంటే అర్థం కాదత్తా. ఒకటి, జ్వరం."

"నిన్ను గాదప్పా అడిగింది."

"ఒకటి పాయింట్ ఒకటి."

రక్తపరీక్షలన్నీ ఉపశీర్షికలతో సహా వచ్చాయి. గురమ్మ రెండుసార్లు లేవబోయి కూర్చుంది.

"మూడు, ఆఖరి దినం. మూడు పాయింట్ ఒకటి, గంజి తాగినాడు. మూడు పాయింట్ రెండు, డాక్టరొచ్చి చూసినాడు."

ఇక మందుల అంగడే. జీవమ్మ చేటను గట్టిగా పట్టుకుంది.

"మూడు పాయింట్ రెండు, డాక్టరొచ్చి చూసినాడు" అన్నాడు ప్రసాదు మళ్లీ. "మూడు పాయింట్ నాలుగు, ఆంబులెన్సు."

"ఈనికి తిక్క బట్టిండాది, చూసుకోమ్మే" అని గురమ్మ వెళ్లిపోయింది.

ల్యాప్‌టాప్‌లోంచి పైఅధికారి గొంతు వినబడింది. "ప్రసాద్ గారూ, మీ మైకు ఆన్‌లో ఉంది. మూడు పాయింట్ రెండు రెండుసార్లు వచ్చింది. మూడు పాయింట్ మూడు లేదు."

"తెలుసు సార్."

"మీరు నంబరు తప్పారంటే నమ్మలేకపోతున్నాం."

"తప్పలేదు సార్. మూడు పాయింట్ మూడు మా వదినది. ఇంగెవురికీ చెప్పేది లేదు."

జీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, ఆ నవ్వు హైదరాబాదు దాకా పోయింది.