మార్త ఇంటి పరుపు మీద మరక

దేశ రాజధానిలో, ఈ మునిర్కాలో మా సందు నిండా ఒకటే మాట. మెస్సు నడిపే మార్త మొగుణ్ణి రోత పరుపు మీద కుళ్లబెట్టి చంపిందట, ఆ పరుపునే బొమ్మల పుస్తకంలో వేయించుకుందట. అన్నం తినే చోట పుట్టిన మాటకు కాళ్లు అక్కర్లేదు. నేను కళ్లారా చూసింది చెబుతాను, వినండి.

మార్తది బాపట్ల వైపు. ఇక్కడొక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. భర్త సిలాసు పక్షవాతంతో మంచాన పడ్డాక ఆ పని మానేసి, మన తెలుగు పిల్లలకు ఇంట్లోనే వండిపెట్టడం మొదలుపెట్టింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే లోపలికెళ్లి ఆయన్ను పక్కకు తిప్పేది, వీపు తుడిచి పౌడరు అద్దేది, చేతులు సబ్బుతో కడుక్కుని మళ్లీ గరిటె పట్టేది. ఎవరింట్లో ఏముందో చూడందే నాకు అన్నం సహించదు కదా, ఆ గదిలోకి చాలాసార్లు తొంగిచూశాను. వాసనన్నది లేదు. ఎనభై అయిదు చలికాలంలో సిలాసు పోయాడు.

మరుసటేడు, ఏదో కళా ప్రదర్శన తాలూకు ఆ బొమ్మల పుస్తకం వచ్చింది. కలెక్టరు పరీక్షకు చదివే లింగయ్య దాన్ని బేర్ సరాయ్ పుస్తకాల కొట్లో చూసి, నేరుగా మెస్సుకే పట్టుకొచ్చాడు. బుద్ధి లేకుండా భోజనాల మధ్యన తెరిచాడు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"ఇన్‌స్టలేషన్ అంటరు ఆంటీ. బొమ్మ గియ్యరు. వస్తువునే తెచ్చి గదిల పెడతరు. దాని ఎనక ఆలోచన ఉంటది, గదే కళ."

"గీయడం రాకనా?"

"నీకు సమజ్ కాదు తియ్యి ఆంటీ."

అర్థం కాకపోవడానికేముంది? ఒక పేజీలో గది నిండా మంగలి కొట్టు వెంట్రుకలు. ఇంకో పేజీలో ఈగలు ముసిరిన చేప తలలు. ఎవడింటి చెత్త వాడు పారేసుకుంటాడు. వీళ్లు దానికి దీపాలు పెట్టి, నున్నటి కాగితం మీద అచ్చేసి, కింద తమ పేరు రాసుకుంటున్నారు. తర్వాతి పేజీలో సిలాసు పడుకున్న చారల పరుపు, మూలన మార్త తన నీలం చీర ముక్కతో వేసిన అతుకు. నడిమధ్య పచ్చగా, అంచులు నల్లబడి, ఇంత మరక.

పిల్లలు కంచాలు పక్కకు నెట్టారు. మర్నాటికి సగం మంది వేరే మెస్సు చూసుకున్నారు. ప్రార్థన కూటంలో మా సందు జయశీల కూడా మార్త పక్కన కూర్చోవడం మానేసింది. ఇలాగే సాగితే మెస్సు మూత, ఆపైన ఆమెకు ఈ ఊళ్లో బతుకు లేదు. ఆమె మాత్రం మిగిలిన పిల్లలకు వండిపెడుతూనే ఉంది.

నేను ఉండబట్టలేక వెళ్లాను. బియ్యం చెరుగుతోంది.

"మార్తా, మనిషి పడుకునే పక్క మీద అంత మరక ఎలా పడనిచ్చావే? అసలా పరుపు వాళ్ల చేతికెలా పోయింది?"

చేట కింద పెట్టింది.

"నేనే ఇచ్చా పిన్నిగారూ. మన దగ్గర తినేవాడు చూడండి, బొమ్మలేసే అబ్బాయి, అంకుల్ జ్ఞాపకంగా పెడతానని అడిగాడు. జ్ఞాపకార్థ కూటంలో ఫోటో పెట్టి పూలేస్తాం గదా, అట్టాగే అనుకున్నా. దూది ఏకించి, గలీబు ఉతికి, ఎండలో ఆరేసి ఇచ్చా. ఆ మరక మా ఆయనది కాదు. వాడే టీ డికాషను పోశాడు. పుస్తకంలో చూసి ఇదేం పనయ్యా అంటే, శుభ్రంగా ఉంటే రోగి పడుకున్నాడని ఎవరూ నమ్మరు ఆంటీ అన్నాడు."