పార్కింగ్ షెడ్డులో పద్దెనిమిది మంది విద్యార్థులు

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఇంకా రాకుండానే వస్తోంది వస్తోంది అంటూ దోహా అంతా తవ్విపోసిన ఆ రోజుల్లో, ఏ తప్పు చేసినా దాని నెత్తిన రుద్దేస్తే సరిపోయేది. ఆలస్యంగా వచ్చామా, ప్రపంచకప్పు డైవర్షన్. అసలు రాలేదా, ఇంకా పెద్ద డైవర్షన్. నేను ఇంగ్లీషు చెప్పే విశ్వవిద్యాలయం కూడా ఆ పేరు చెప్పుకునే ఓ మాయదారి సరంజామా కొన్నది: గోడకో తెలివైన బోర్డు, పిల్లలకు తలా ఒక క్లిక్కరు. (క్లిక్కరంటే మరేం కాదు, అరచేతిలో పట్టే రిమోటు. ఎ, బి, సి, డి అని నాలుగు మీటలు. నేను ప్రశ్న తెరవగానే దానిమీద ఎర్రదీపం వెలుగుతుంది, వాళ్ళు నొక్కగానే బోర్డు మీద రంగురంగుల స్తంభాలు లేస్తాయి. హాజరు కూడా ఆ నొక్కుళ్ళను బట్టే. నోరు తెరిచే పని ఎవరికీ లేదు. భాష నేర్పే తరగతికి ఇంతకంటే ఏం కావాలి!)

దీన్నంతా నడిపించే మా డైరెక్టరుకు నేను పెట్టుకున్న పేరు గ్రాఫుదొర. ఆయన మనిషి మొహం చూడగా చూసినవాడు లేడు. ఎదురుపడితే "బాగున్నారా?" అనడు, "మీ పార్టిసిపేషన్ ఎంత?" అంటాడు. నాది ఎప్పుడూ డిపార్ట్‌మెంటులోకెల్లా ఎక్కువ. అదంతా నా ప్రతిభే అనుకున్నాను. ఇరవయ్యారేళ్ళప్పుడు ఇంకేమనుకుంటాం?

ఒక జనవరి పొద్దున తలలు లెక్కపెడితే గదిలో ఉన్నది నలుగురు, బోర్డు మీద జవాబులు ఇరవై రెండు. లేనివాళ్ళ పద్దెనిమిదీ 'సి'నే. దెయ్యాలకు కూడా ఇంగ్లీషంటే ఇంత ఇష్టమా అని కిటికీ తెర జరిపి చూద్దును గదా, అవతల పార్కింగ్ షెడ్డులో ఓ తెల్లటి పెద్దబండి, స్టీరింగు ముందు కడప అన్న, ఒళ్ళో పళ్ళెం నిండా క్లిక్కర్లు. వేరుశనక్కాయలు ఒలిచినట్టు టకటకా నొక్కుతున్నాడు!

కడప అన్న (అది ఆయన ఊరు, పేరు కాదు) దోహా శివార్లలోని ఉమ్ సలాల్‌లో ఓ విల్లాకి హౌస్ డ్రైవరు. ఆ ఇంటి అబ్బాయి నా విద్యార్థే. చలికాలం వచ్చిందంటే ఆ అబ్బాయీ, స్నేహబృందమూ ఎడారిలో గుడారాలు వేసుకుని అక్కడే ఉండిపోతారు. క్లిక్కర్లు మాత్రం క్రమం తప్పకుండా కాలేజీకి వస్తాయి.

"ఏందన్నా ఇది?" అని తరగతి కాగానే షెడ్డుకెళ్ళి నిలదీశాను.

"డ్యూటీ సార్," అన్నాడు తొణక్కుండా. "బండి కడుగంటే కడుగుతా, నొక్కంటే నొక్కుతా. రోడ్డు మీద ఎర్రలైటు పడితే ఆపల్ల, దీంట్లో పడితే నొక్కల్ల. అంతే గదా తేడా."

నిజానికి పైవాళ్ళకు చెప్పవలసిన మాటే. కానీ నా ప్రొబేషను అయిపోవస్తోంది. గ్రాఫుదొర వచ్చి క్లాసు చూసి బాగుందంటేనే ఉద్యోగం ఖాయం. అక్కడ ఒంగోల్లో కాబోయే మావగారు, "పర్మనెంటు కాగితం ఫొటో పంపు బాబూ, అప్పుడే పంతులుగారి దగ్గరకెళ్తా," అని భీష్మించుక్కూర్చున్నారు. ఖాయం కాలేదంటే ఉద్యోగం, వీసా, పిల్ల మూడూ ఒకే దెబ్బకు పోతాయి. అందుకని నీతిని కాసేపు నిద్రపుచ్చి, కడప అన్నతో ఒప్పందానికి దిగాను. ఒక మిస్‌డ్ కాల్ ఇస్తే ఎ, రెండిస్తే బి, మూడైతే సి, నాలుగైతే డి. (జేబులో చెయ్యిపెట్టి తడుముకోవడానికి బటన్ల ఫోనును మించింది లేదు.)

"అందరివీ కరెక్టుగా నొక్కితే దొంగతనం బయటపడ్తాది సార్. నలుగురైదుగురివి తప్పు పెడతాలే," అన్నాడు. ఆ సరంజామా అమ్మినవాళ్ళలో ఒక్కడికైనా ఇంత బుర్ర ఉండుంటే!

ఆ రోజు రానే వచ్చింది. గ్రాఫుదొర వెనక బెంచీలో కూర్చుని ట్యాబులో తల దూర్చాడు. గదిలో నలుగురే ఉన్న సంగతి ఆయన కంటబడనే లేదు. మూడు ప్రశ్నలకు స్తంభాలు ఎక్కడికక్కడ లేచాయి. ఆయన మురిసిపోయి లేచి, "ఇప్పుడు నేనొకటి అడుగుతా," అంటూ బోర్డు మీద రాశాడు: ఈ తరగతిలో మీకు బాగా నచ్చినదేది? ఎ ఉపాధ్యాయుడు, బి పుస్తకం, సి టెక్నాలజీ, డి ఏదీ కాదు.

సి రాకపోతే నా పని అయినట్టే. జేబులో నొక్కాను. బిజీ. మళ్ళీ నొక్కాను. బిజీ. ఏసీ గదిలో చొక్కా తడిసింది. గదిలో ఉన్న నలుగురూ నిజాయితీపరులు, ముక్తకంఠంతో 'డి' నొక్కారు. ఆ ఒక్క స్తంభం నా పెళ్ళిని చూసి పళ్ళికిలిస్తున్నట్టు నిలబడింది. యుగం లాంటి అర నిమిషం గడిచాక, పుణ్యముంటుంది, పద్దెనిమిదీ ఒక్కసారిగా 'సి' మీద పడ్డాయి.

గ్రాఫుదొర చప్పట్లు కొట్టబోతూ మొదటిసారి తలెత్తాడు. "నలుగురేనా? మిగతావాళ్ళేరి?"

ముందు వరుస అబ్బాయే కాపాడాడు. "అల్ తుమామా స్టేడియం దగ్గర డైవర్షన్, దక్తూర్. రోడ్డు మీంచే నొక్కుతున్నారు." (అక్కడ పాఠం చెప్పేవాళ్ళందరూ దక్తూర్లే, అంటే డాక్టర్లే, నాతో సహా.)

దొర కళ్ళు చెమర్చాయి. "ట్రాఫిక్కులో కూడా నేర్చుకుంటున్నారు!" అని నా చెయ్యి ఊడేలా ఊపాడు. కాగితం రేపే ఇస్తానన్నాడు. పైగా ఈ పద్ధతిలో మిగతా టీచర్లకు శిక్షణ ఇవ్వమన్నాడు. ఇచ్చాను కూడా, నమ్మితే నమ్మండి, సర్టిఫికెట్లతో సహా.

షెడ్డుకి పరిగెత్తాను. "ఫోను బిజీ ఏందన్నా, ప్రాణం పోయింది!"

"మేడమ్ చేసింది సార్, రొట్టెలు తెమ్మని. ఏదీ తెలీనప్పుడు సి కొట్టడమే గదా మనకలవాటు." క్లిక్కర్లు సంచిలో సర్దుతూ కాస్త మొహమాటంగా అన్నాడు: "సార్, ఇన్ని దినాలు నొక్కితి గదా. ఇంతకీ ఏం అడుగుతారు సార్ లోపల? ఈపొద్దు మొదటిదొగటి చెప్పు సార్, నేనూ తెలుసుకుంటా."

చెబుదామని నోరు తెరిచాను. ఒట్టు, గుర్తు రాలేదు. రెండుసార్లు మోగించానని గుర్తుంది కానీ ప్రశ్న ఏమిటో గుర్తులేదు. "తర్వాత చెప్తాలే అన్నా," అనేసి, ఒంగోలుకు ఫోను కలుపుతూ వెళ్ళిపోయాను. ఆ ఎండాకాలం ఆయన సెలవు మీద ఊరెళ్ళి మళ్ళీ రాలేదు.

ఇప్పుడు తలకు రంగేసుకునే వయసు నాది. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో, ప్రశ్నేమిటని నన్నడిగినవాడు ఆయనొక్కడే, అదీ గోడకు అవతలి నుంచి. ఏమడిగి ఉంటానా అని అప్పుడప్పుడూ బుర్ర గోక్కుంటాను. పోనీ ఆ ఇరవయ్యారేళ్ళ ఘనుణ్ణే అడుగుదామని వెనక్కి చూస్తే, వాడు పార్కింగ్‌లో నవ్వుకుంటూ, ఫోనులో ముహూర్తాలు మాట్లాడుకుంటూ పోతున్నాడు. ఎంత పిలిచినా వెనక్కి తిరగడు.