జానెడు పైన

కాకినాడలో పిల్లల మ్యూజియం చూపించి, మా ఆరేళ్ళ పాపతో అమలాపురం బస్సెక్కాను. మ్యూజియంలో గోడమీది ఏనుగు బొమ్మ పక్కన ఎత్తు కొలుచుకున్న పాప, నా ముందు నిలబడి పక్క సీటు పెద్దాయన్ని పలకరించింది.

"తాతగారూ, నేను గున్న ఏనుగంత ఉన్నాను. మీకు పాప ఉందా? ఎంతుంటుంది?"

ఆయన చెయ్యి చాపి, పాప తలకు జానెడు పైన గాలిలో ఆపారు. "ఇంతమ్మా."

"ఏం చదువుతోందండీ?" అన్నాను.

"అంతున్నప్పుడే ఏటి రేవులో మునిగి పోయిందండి. ఉంటే ఇప్పుడు మీ వయసుండేదండి."

 పాప నా సంచీమీదికెక్కి, మునివేళ్ళమీద లేచి, ఆ అరచేతికి తల ఆనించింది. ఆయన చెయ్యి వెంటనే తీయలేదు. మురమళ్ళలో దిగిపోయారు.

పాప ఆ ఎత్తు దాటడానికి నాలుగేళ్ళు పట్టింది. అందాకా దాన్ని ఏటివైపు వెళ్ళనివ్వలేదు.