మా మూగ బావ

పశువుల అంగడిలో ధర నోటితో చెప్పరు. దళారి, కొనేవాడు తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరం తేల్చుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు వాళ్ల మొహాలు తప్ప ఏమీ తెలియదు. ఇరవై ఏళ్లకే లక్సెట్టిపేట అంగడిలో నాకంటే గట్టి దళారి లేడని నా నమ్మకం. ఆ నమ్మకం ఇంకెవరికీ ఉన్నట్టు గుర్తు లేదు.

పోలీసు యాక్షన్ జరిగిన నెలలో, కరీంనగర్‌లో నాకు ఉర్దూలో చదువు చెప్పిన సార్ మా వడ్ల దుకాణానికి వచ్చారు. రజాకార్లు చేసిన పాపానికి, సుద్దముక్క తప్ప ఏదీ పట్టని ఆయనలాంటి ముస్లింలను కూడా వెతికి చంపుతున్న రోజులవి. గడ్డం ఆయనే తీసేసుకున్నారు. కానీ ఆయన తెలుగు రెండు మాటలు వింటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

"మాట్లాడితే గదా బాపూ," అన్నాను మా నాన్నతో. "మూగోడని జెప్దం. తువ్వాల కింది బేరానికి నోరెందుకు?"

బాపు మొదటిసారి నన్ను తెలివైనవాణ్ని చూసినట్టు చూశాడు.

సార్‌కు ధోవతి కట్టించి, తలకు రుమాలు చుట్టించి, మా మేనత్త కొడుకని చెప్పాం. వేళ్ల లెక్కలు నేనే నేర్పాను, నాకు తొడపాశం పెట్టి ఎక్కాలు నేర్పిన మనిషికి! పగలంతా మూగగా ఉండి, సాయంత్రం వడ్ల బస్తాల మధ్య కూర్చుని దాచుకున్న మాటలన్నీ చెప్పేవారు. తన బడి, హైదరాబాద్‌లో పుట్టింట చిక్కుకుపోయిన భార్య, ఆమె వండే ఖట్టీ దాల్. బడిలో గంట ఎప్పుడు కొడతారా అని ఎదురుచూసిన నేను, అక్కడ అవ్వ అన్నానికి పిలిచినా లేచేవాణ్ని కాదు.

సార్ వచ్చిన నాలుగో వారం అంగడికి ఒక రైతు ఎడ్ల కోసం వచ్చాడు. తమ్ముణ్ని రజాకార్లు చంపిన మనిషి. తువ్వాల కింద సార్ చెయ్యి పట్టుకుని ఎంతకూ వదల్లేదు. చివరికి నన్ను పక్కకు పిలిచాడు.

"మీ బావకు కలం వట్టిన ఏలు మీద కాయుంది. పలుపుతాడు వట్టిన కాయ ఒక్కటి లేదేందిరా?"

ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పే నేను, సార్ చేతులు చూడనేలేదు.

"మా అత్త గారాబం జేసి పని జెప్పలే పటేలా," అన్నాను.

"నీ అబద్ధం పక్కకు వెట్టు. నా లెక్కనే ఇంకోడు పట్టుకుంటడు. ఆడు నా తీర్గ ఊకోడు. ఇయ్యాల్నే గోదారి దాటియ్యి."

ఎడ్లు కొనకుండానే వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే సార్‌ను పడవ ఎక్కించాను. పడవ నిండా జనం. ఆయన నోరు విప్పకూడదు. అందుకని ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాను.

"జర పైలం బావా! అత్తను అడిగిన్నని జెప్పు! యాళ్లకు తిను!"

"మూగోనికి గిన్ని ముచ్చట్లు జెప్తున్నవేంది బిడ్డా?" అని పడవలో ఒక ముసలమ్మ నవ్వింది. సార్ కూడా నవ్వారు. అదే ఆఖరు.

హైదరాబాద్ చేరారో లేదో తెలియదు. ఉత్తరం రాలేదు. పట్టుబడతామని రాయొద్దన్నది నేనే, ఎంతైనా తెలివైనవాణ్ని కదా. తర్వాత కరీంనగర్ బడికి మూడుసార్లు వెళ్లాను. కొత్త పంతుళ్లు తెలియదన్నారు.

మా అంగడిలో మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు.

"మీ మూగ బావ మంచిగున్నడా?"

"మంచిగున్నడు," అంటాను.

మొదట్లో అంతే అనేవాణ్ని. కొన్నేళ్లకు ఇద్దరు పిల్లలన్నాను. మొన్న బావ పెద్దబిడ్డ పెళ్లి కూడా చేశాను.