ర్యాప్ చక్రవర్తికి శాలువా

మా అంకుల్‌కి సన్మానం చేయాలన్న ఆలోచన ఆయన మీద గౌరవంతో పుట్టింది కాదు. ఉగాది ఫంక్షన్‌కి ముఖ్య అతిథిగా వస్తానన్న ఎంపీ వారం ముందు రానన్నాడు. అప్పటికే శాలువా కొన్నారు, మెమెంటో ఆర్డరిచ్చారు, స్టేజీ మీద పెద్ద కుర్చీకి తెల్లగుడ్డ తొడిగారు. అన్నీ ఉన్నాయి, మనిషే తక్కువయ్యాడు.

"శనివారాలు హాల్లో పాటలు నేర్పే మావోరీ ఆయన నీకు బాగా క్లోజు కదా," అన్నారు మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు ఫోన్లో. "మనిషి ఏ సైజులో ఉంటాడు?"

"దేనికండీ?"

"శాలువా సరిపోవద్దూ!"

అంకుల్ అంటే నాకేమీ చుట్టం కాదు. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో, జాన్సన్‌విల్ పేట దాటాక మేముండే వైపు, ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. పెద్దాయన కనిపిస్తే అంకుల్ అనేయడంలో మనకీ వాళ్ళకీ తేడా లేదు. వారమంతా బస్సు నడుపుతాడు. శనివారం ట్రస్టు వాళ్ళ పాత హాల్లో రెండు స్పీకర్లు, ఒక మైకు, గిన్నెడు సూప్ పెట్టుకుని కూర్చుంటాడు. బడి మానేసిన పిల్లలొస్తారు. స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదువు సగమూ పెట్రోల్ బంకు సగమూ చేసుకునే నాలాంటివాళ్ళూ వస్తారు. నేను మొదట సూప్ కోసమే వెళ్ళాను.

మా వైపు ర్యాప్ మొదలెట్టినవాళ్ళలో ఆయనొకడు. కుర్రతనంలో స్నేహితులతో రైల్వే స్టేషన్ గోడ దగ్గర టేప్‌రికార్డర్ పెట్టుకుని, ఆ దేశపు మూలవాసులైన తనవాళ్ళ మావోరీ భాషలో పాడేవాడట. ఒక క్యాసెట్ల కంపెనీవాళ్ళు విని, చాలా బాగుంది, ఇదే ఇంగ్లీషులో చేయమన్నారట. ఈయన చేయనన్నాడు. సంగీతంలో ఆయన కెరీర్ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. తీసిన ఒకే ఒక్క క్యాసెట్‌ని కారు డిక్కీలో పెట్టుకుని తనే అమ్ముకున్నాడు. ఆ తర్వాత పేదవాళ్ళ ఇళ్ళు కూల్చడానికి ఎవరొచ్చినా, ఆ ఇళ్ళ ముందు స్పీకర్ పెట్టి పాడటం మొదలుపెట్టాడు.

"మీరు పాడిన ఇళ్ళన్నీ కూల్చేశారు కదంకుల్," అన్నానొకసారి.

"ఒకటి మిగిలింది."

"అందులో ఎవరుంటున్నారు?"

"నేను."

నా ఫ్లాట్ గోడలకి చెమ్మతో పట్టిన బూజు మీద తెలుగులో ఒక పాట రాసుకుని ఆయనకి వినిపించాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మధ్యలో చెయ్యెత్తి ఆపాడు. "ఇక్కడ అబద్ధం చెప్పావు. గొంతు మారింది," అన్నాడు. నిజమే, అక్కడ ఒక అమ్మాయి గురించి రాశాను. అమ్మాయి లేదు. బూజు మాత్రం ఉంది.

ఆ హాలుని ట్రస్టు అమ్మేద్దామనుకుంది. ఉగాది అయిన రెండో వారం మీటింగ్ పెట్టారు. వాడుకునేవాళ్ళు వచ్చి, మాకిది కావాలని చెప్పాలి. జనం బాగా వస్తే ఉంచుతారు, లేకపోతే అమ్ముతారు. అది పోతే అంకుల్‌కి శనివారం లేదు, ఆ పిల్లలకి వెళ్ళే చోటు లేదు. మన అసోసియేషన్ కూడా పండగలన్నీ అక్కడే చేస్తుంది కాబట్టి, నాకూ కాస్త ఆశ ఉండేది.

సన్మానం ఘనంగా జరిగింది. ప్రెసిడెంట్ గారు జరీ అంచు శాలువా కప్పి, "ర్యాప్ చక్రవర్తి" అని చెక్కిన మెమెంటో చేతిలో పెట్టారు.

"చక్రవర్తి అంటే?" అని నా చెవిలో అడిగాడు అంకుల్.

"ఎంపరర్."

"రాజ్యమెక్కడ?"

"ఈ హాలే. అమ్మకానికుంది."

ఒక పాట పాడదామని ఆయన మైకు అందుకున్నాడు. ప్రెసిడెంట్ గారు ఎంతో మర్యాదగా ఆ మైకు తీసుకుని, "భోజనాలు రెడీ" అన్నారు. హిప్‌హాప్ చరిత్రలో అంత వేగంగా ఖాళీ అయిన హాలు ఇంకోటి ఉండదు.

నేను పులిహోర ప్లేటుతో తిరిగొచ్చేసరికి అంకుల్ స్టేజీ మీదే నిలబడి శాలువా అంచు తడుముతున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మా ఇళ్ళల్లో మనిషి భుజాల మీద ఇలా కప్పారంటే అది మాటివ్వడం," అన్నాడు. "కప్పినవాళ్ళు నీ వెనక నిలబడతారు. నీ బరువు వాళ్ళూ మోస్తారు. మీటింగ్‌కి వీళ్ళంతా వస్తారు, చూడు."

"అంకుల్, మావాళ్ళు చాలామందికి కప్పుతారు. పోయినేడాది ఒక డెంటిస్టుకి కప్పారు."

"ఆయన వెనక నిలబడ్డారా?"

"పన్ను నొప్పి వస్తే ఆయన ముందు కూర్చుంటారు."

"నీకు అన్నీ ఎగతాళే. కప్పేటప్పుడు వాళ్ళ మొహాలు నేను చూశాను."

నేనూ చూశాను. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు, నవ్వారు. ఆ సంగతీ చెప్పాను. రోజూ జోకులేసేవాడు నిజం చెప్తే అదీ జోకు కిందే పోతుంది.

మర్నాడు ప్రెసిడెంట్ గారికి ఫోన్ చేశాను.

"మీటింగా? అసోసియేషన్ తరఫున ఫుల్ సపోర్టు!"

"సపోర్టు కాదండీ, మనుషులు కావాలి."

"వీక్‌డే కదా నాన్నా, ఎవరొస్తారు? అయినా దీపావళికి మనం వేరే హాలు చూశాంలే. పార్కింగ్ బ్రహ్మాండం."

"అంకుల్ మీకోసం ఎదురుచూస్తున్నాడండీ."

"అదేంటయ్యా, సన్మానం చేశాం కదా!"

ఆ గొంతులో మోసమేమీ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయన దృష్టిలో అంకుల్‌కి చేయాల్సింది అయిపోయింది. ఇంకా ఏదో అడగడం అంకుల్‌దే అత్యాశ.

"రారంకుల్," అని చెప్పాను.

"వస్తారు. నువ్వు కుర్చీలు వెయ్యి."

వేశాను. ఉగాదికొచ్చిన అంత జనానికీ వేయించాడు. మీటింగ్ రోజు సాయంత్రం గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా ఆయన అటు చూశాడు. పాత హూడీ మీద శాలువా కప్పుకొచ్చాడు, మనవాళ్ళు వస్తే తనని గుర్తుపట్టడానికి. శనివారం పిల్లలు కొందరు ముందు వరసలో కూర్చున్నారు. ట్రస్టు ఆవిడ మర్యాదగా అడిగింది: "తెలుగు అసోసియేషన్ నుంచి ఎవరైనా మాట్లాడతారా?"

నేను లేచాను.

"మీరు వాళ్ళ ప్రతినిధా?"

"కాదండీ. మెంబర్ని కూడా కాదు. నాకు తెలుగొచ్చు, అంతే."

ఎవరూ నవ్వలేదు. బూజు పాట కాసేపు పాడాను, మర్యాదగా విన్నారు. ఒక పిల్లాడు లేచి, ఇది లేకపోతే శనివారం ఎక్కడికెళ్ళాలని అడిగాడు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు కాబట్టి, మంచి ప్రశ్న అన్నారు. వాడకం తక్కువగా ఉంది, అమ్మకానికి పెడుతున్నాం అని చెప్పి కాగితాలు సర్దుకున్నారు.

కుర్చీలు మడుస్తుంటే అంకుల్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "మీవాళ్ళలో ఎవరు పోయారు?"

"ఎక్కడికి?"

"అంతమందీ ఆగిపోయారంటే ఎవరింట్లోనో చావు జరిగుండాలి. ఎవరిల్లో చెప్పు. రేపు డ్యూటీ మార్పించుకుని పలకరించి వస్తాను."

దీనికి కూడా నా దగ్గర ఒక జోకు ఉంది. వేయలేదు.

"ఎవరూ పోలేదంకుల్. అందరూ బాగానే ఉన్నారు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నా గొంతు మారిందేమోనని వెతికినట్టుంది. మారలేదు.

"మంచిది," అన్నాడు. మనసారా అన్నాడు, అదే నేను ఇంకా మింగలేకపోతున్నది. ఆ తర్వాత వంగి, స్పీకర్‌కి ఒకవైపు పట్టుకుని, రెండోవైపు నన్ను పట్టమన్నాడు.