మూడో ల్యాప్ టైము

1983 మే నెల. ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య మైలున్నర చుట్టుకొలత ఉన్న ఒక రేస్ ట్రాక్. నేను అప్పుడు కొలంబస్‌లో టైమింగ్ పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్‌ని. మా పరికరాలు అద్దెకు తీసుకున్న ట్రాకులకి వాటితోపాటు నన్ను కూడా పంపేవారు. అందువల్ల ఏటా మే నెలలో నా ఆదివారాలన్నీ అక్కడే గడిచిపోయేవి. మా ఆవిడ సుగుణకి ఇదొక పెద్ద ఫిర్యాదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఉన్న నాలుగైదు తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కలిసి ఆరాధన జరుపుకునేవి. పాటలకి హార్మోనియం వాయించేది నేనే.

"దేవుడికి లేని టైము ఆ కార్లకి ఎక్కణ్ణించి వస్తుందండీ మీకు?" అనేది సుగుణ. నేను కారు తాళాలు తీసుకుని బయటపడేవాణ్ణి.

నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ట్రాక్‌కి అడ్డంగా ఫొటోసెల్ అనే పరికరం కంటికి కనపడని కాంతి గీత ఒకటి గీస్తుంది. కారు ముక్కు ఆ గీతను తెంచిన క్షణాన టైము నమోదవుతుంది. మేము రాకముందు అక్కడ అందరూ చేతి గడియారాలే నొక్కుకునేవారు. ఎవరి బొటనవేలు వారిది, ఎవరి టైము వారిది. రోజూ తగాదాలే. మా గడియారం వచ్చిన మూడేళ్ళలో ఆ తగాదాలు పోయాయి. మైకులో వినపడిన టైము అంటే ఇక దానికి తిరుగులేదన్న నమ్మకం పిట్‌లో, అంటే జట్లు కార్లని సిద్ధం చేసుకునే చోట, ప్రతివాడికీ వచ్చేసింది. అది చూసి నేను గర్వపడేవాణ్ణి కూడా.

తగ్గిపోతున్నది జనం. అక్కడ పరిగెత్తేవి ఓపెన్-వీల్ కార్లు, అంటే నాలుగు చక్రాలూ ఒంటికి బయట కనపడే సన్నటి కార్లు. ఒకప్పుడు వాటిని చూడ్డానికి టికెట్లు దొరికేవి కావట. ఇప్పుడు జనం ఇంట్లో వాడే కారులా పైకప్పు ఉండే స్టాక్ కార్ల వైపు, టీవీల వైపు మళ్ళారు. స్టాండ్స్‌లో సగం బెంచీలు ఖాళీ. ట్రాక్ మేనేజర్ వాల్టర్‌కి దీంతో నిద్రపట్టేది కాదు. మంచివాడే, కానీ వారానికో కొత్త ఆలోచనతో నా ప్రాణం తీసేవాడు. ఒకసారి బాణాసంచా అన్నాడు, ఒకసారి ఏనుగు అన్నాడు. ఆ ఏడాది క్వాలిఫయింగ్ ఆఖరి గంటను పట్టుకున్నాడు.

ఇది కొంచెం వివరించాలి. రేసులో చోటు ఇరవై ఆరు కార్లకే. ఒక్కో కారు ఒంటరిగా నాలుగు ల్యాప్‌లు, అంటే నాలుగు చుట్లు తిరుగుతుంది. వాటి సగటును బట్టి చోటిస్తారు. చోట్లన్నీ నిండాక కూడా ఎవరైనా ఇంకా వేగంగా తిరిగితే, ఉన్నవాళ్ళలో అందరికంటే నెమ్మదైనవాడు బయటికి పోవాల్సిందే. అలా పోయే ప్రమాదంలో ఉన్నవాణ్ణి 'బబుల్ మీద ఉన్నాడు' అంటారు. ఒక్కో కారుకి మూడు ప్రయత్నాలు. పిట్ గోడ దగ్గర జట్టు మనిషి ఒకడు పసుపు జెండా పట్టుకుని నిలబడతాడు. సగటు చాలదనిపిస్తే నాలుగో ల్యాప్ పూర్తికాకముందే జెండా ఊపుతాడు. అప్పుడు ఆ ప్రయత్నం రద్దు. మళ్ళీ వరసలో నిలబడవచ్చు. ఊపకపోతే వచ్చిన టైమే ఖాయం, చాలినా చాలకపోయినా. ఆరు గంటలకి తుపాకి పేలిందంటే అన్నీ అయిపోయినట్టే.

ఆ ఆదివారం ఉదయం వాల్టర్ నా గదికి వచ్చాడు. ఆఖరి గంటలో, జనానికి టైము చూపించే పెద్ద బోర్డు మీద టైము వెంటనే వేయొద్దని, కాసేపు ఆపి వేస్తే జనానికి గుండె దడ పుడుతుందని అన్నాడు. నేను కుదరదన్నాను. బోర్డు గడియారంలో భాగం, దాన్ని ఆపడమంటే గడియారాన్ని ఆపడమేనని చెప్పాను. అతను నవ్వి, నా భుజం తట్టి, "సరే ప్రాబ్, నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు. ప్రభాకర్ అన్న పేరు అక్కడ ఎవరికీ నోరు తిరిగేది కాదు. వాల్టర్ అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆ రోజు సుగుణ కూడా వచ్చింది. ఆరాధన మానుకుని మరీ వెళ్ళాల్సినంత గొప్పగా అక్కడ ఏముందో చూస్తానంది. చికెన్ పకోడీల డబ్బాతో స్టాండ్స్‌లో కూర్చుంది.

ఐదుగంటల వేళ బబుల్ మీద ఉన్న సగటు 29.7 సెకన్లు. చోటు కోసం చూస్తున్నవాళ్ళలో లెన్నీ ఒకడు. అతనిది పక్క ఊళ్ళో వెల్డింగ్ షాపు. నలభై దాటాయి. కారు ఒకటే, ఇంజను ఒకటే. ఎన్నో ఏళ్ళుగా వచ్చి ఒక్కసారి కూడా రేసులోకి ఎక్కలేకపోయాడు. ఈ ఏడాదితో సరి, ఇక కారు అమ్మేస్తానని భార్యకి మాటిచ్చాడని పిట్‌లో అందరికీ తెలుసు. జెండా పట్టుకునేది అతని చెల్లెలి భర్త రే. మొదటి ప్రయత్నం అప్పటికే చెడింది. ఇది రెండోది.

లెన్నీ ట్రాక్ మీదికి రాబోతుండగా పెద్ద బోర్డు ఆరిపోయింది. ట్రాక్ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే ఫ్యూజు పోయిందన్నాడు. గొంతులో నవ్వు దాచుకుంటున్నాడు. ఇది వాల్టర్ పనేనని అర్థమై నాకు ఒళ్ళు మండింది. కానీ కారు వచ్చేస్తోంది, నేను గడియారం వదిలి కదలడానికి లేదు.

మొదటి ల్యాప్ 29.4. బాగుంది. నా టైము పక్క బాల్కనీలో కూర్చున్న అనౌన్సర్ ముందున్న చిన్న తెరమీద పడుతుంది. అతను వెంటనే మైకులో చదవాలి. చదవలేదు. "గుండెలు చిక్కబట్టుకోండి" అన్నాడంతే. రెండో ల్యాప్‌లో గాలి తోసి కారు పక్కకి జారింది, 30.1. అప్పుడు తీరిగ్గా మొదటి ల్యాప్ టైము చదివాడు, అది ఇప్పటిదే అన్నట్టు. మధ్యలో అద్దం గోడ. నేను కొట్టాను. అతను వేలు పైకెత్తి ఆగమన్నాడు. మూడో ల్యాప్ 29.2. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ అంత మంచి ల్యాప్ ఎవరూ తిరగలేదు. నాలుగోది కాస్త మందగించినా చోటు ఖాయం. అప్పుడు మైకులో రెండో ల్యాప్ టైము వినపడింది, సాగదీసి, గొంతు వణికించి: "ముప్పై... పాయింట్... ఒకటి."

స్టాండ్స్ మొత్తం ఉసూరుమంది. కింద గోడ దగ్గర రే తన మెడలోని స్టాప్‌వాచ్ వంక చూసుకున్నాడు. అందులో సరైన టైమే ఉంది. కానీ మైకులో చెప్పింది ఎలక్ట్రానిక్ గడియారం టైము, తనది బొటనవేలు. మూడేళ్ళుగా మేము అతనికి నేర్పింది అదే. టైర్లు పోతున్నాయి, నాలుగోది ఇంకా దిగజారుతుంది అనుకుని ఉంటాడు. పసుపు జెండా ఊపాడు.

నేను అద్దం మీద అరచేత్తో కొడుతూనే ఉన్నాను. ఇంకేం లాభం?

వాల్టర్‌కి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, లెన్నీని వెంటనే ముందుకి పంపమన్నాను. వరస దాటించి పంపితే మిగతా జట్లు తన మీద పడతాయన్నాడు. అది నిజమే. తప్పు చేసింది తనే, నియమం వల్లించేదీ తనే. లెన్నీ వరస చివర నిలబడ్డాడు. అతని ముందు ఇంకా రెండు కార్లు ఉండగానే ఆరు గంటల తుపాకి పేలింది. అతను హెల్మెట్ తీసి స్టీరింగ్ మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. టీవీ వాళ్ళ కెమెరాలన్నీ ఆ మొహం మీదే.

"చూశావా? ఒక్కడు కూడా కుర్చీలోంచి లేచి ఇంటికి పోలేదు" అన్నాడు వాల్టర్ నా గదికి వచ్చి. మొహం వెలిగిపోతోంది.

అంతకుముందు క్లయింటు మీద నేను ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు అరిచాను. జనం చూసింది పోటీ కాదు, ఒక మనిషి చోటుని వాళ్ళకి తెలియకుండా లాక్కుని వాళ్ళకే అమ్మావు అన్నాను. మైకులో అనౌన్సర్ అబద్ధం ఏమీ చెప్పలేదు కదా, కాస్త ఆలస్యంగా చెప్పాడంతే అన్నాడు వాల్టర్. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కిందికి దిగితే సుగుణ ఎదురొచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. "ఆ మైకాయన ఎంత బాగా చెప్పాడండీ. నేనూ లేచి నిలబడిపోయాను తెలుసా? పాపం ఆ లెన్నీ" అంది. నేను జరిగింది చెప్పాను. ఆమె చేతిలో ఉన్న ఖాళీ డబ్బాకి మూత పెట్టింది.

"అయితే నేను చప్పట్లు కొట్టింది దేనికి?" అంది.

లెన్నీ గ్యారేజీలో ఒక్కడే ఉన్నాడు. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుమిట్టాడాను గానీ, అతనే అడిగాడు.

"మూడో ల్యాప్ నాకు బాగానే అనిపించింది. ఎంత, ప్రాబ్?"

"ఇరవై తొమ్మిది పాయింట్ రెండు."

అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మళ్ళీ మళ్ళీ అదేచోట తుడుచుకున్నాడు. "రేకి చెప్పకు. వాడు మా చెల్లెలి మొగుడు. ప్రతి పండగకీ నా ఎదురుగా కూర్చుని భోంచెయ్యాలి" అన్నాడు. కారు మాత్రం అమ్మనని, ఇంకొక్క ఏడాది ఇమ్మని భార్యని అడుగుతానని కూడా అన్నాడు.

వాల్టర్‌కి మర్నాడే చెప్పేశాను. వచ్చే ఏడాది మా పరికరాలు కావాలంటే పిట్ గోడకి ఎదురుగా ఒక చిన్న డిస్‌ప్లే పెట్టాలి. జట్లు మైకు మీద ఆధారపడకుండా టైము నేరుగా చూసుకోవాలి. దాని ఫ్యూజు వేరే, దాని తాళం నా జేబులో. పెద్ద బోర్డుకి కూడా అంతే. అతను గొణిగాడు, కానీ ఒప్పుకున్నాడు. ఆ ఆఖరి గంట గురించి పేపర్లలో రాశారు, టికెట్లు అడిగేవాళ్ళు పెరిగారు. గడియారం లేకుండా అతనికి నడవదు.

1984లో బెంచీలు నిజంగానే నిండాయి. తన వేడుకలవల్లేనని వాల్టర్ అంటాడు. నేనయితే ఒప్పుకోను. ఆ సాయంత్రం నేను చూసింది వేరు. లెన్నీ తిరిగాడు. మూడో ల్యాప్ ఈసారి నిజంగానే జారింది. రే చిన్న డిస్‌ప్లే వంక చూశాడు, జెండా దించే ఉంచాడు. సగటు అతికష్టం మీద చాలింది. జీవితంలో మొదటిసారి లెన్నీ ఇరవై ఆరులో ఉన్నాడు, బబుల్ మీద. ఆరు కావస్తుండగా మిగిలింది ఒక్క కారు. దాని ల్యాప్‌లు ఒక్కొక్కటే బోర్డుమీద పడుతుంటే అంత జనంలో ఒక్క గొంతు లేదు. అనౌన్సర్ కూడా టైము చదివి ఊరుకున్నాడు. సాగదీయాల్సిన అవసరం అతనికీ కనపడలేదు. జనాన్ని మళ్ళీ రప్పించేది ఏదైనా ఉంటే అదేనని నా నమ్మకం. దాచిపెట్టేది ఏమీ ఉండకూడదు. పోయేవాడు ఎందుకు పోతున్నాడో చూసేవాడికి కూడా తెలియాలి.

ఆ కారు నాలుగో ల్యాప్‌తో లెన్నీని బయటికి నెట్టేసింది.

ఆ గోల అణగకముందే వాల్టర్ వచ్చి, వచ్చే ఏడాది ప్రతి ల్యాప్‌కి ముందు డప్పులు వాయిస్తే ఎలా ఉంటుందని అడిగాడు. ఆ మనిషిని ఏమనాలి? వైర్లు చుట్టుకోవడానికి కిందికి దిగిపోయాను.

లెన్నీ టైర్లు సర్దుతున్నాడు. ఏడ్చినట్టు లేడు. "ఈసారి ఓడించింది గడియారమే. ఇంటికెళ్ళి ఈ మాట చెప్పుకోవచ్చు" అన్నాడు. కారు కొనేవాడు అప్పటికే మాట్లాడుకుని ఉన్నాడట.

రే డిస్‌ప్లే కింద నిలబడి దాని అంచు మీద చెయ్యి వేసి ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"మూడో ల్యాపే మాకు అచ్చిరాలేదు, ప్రాబ్. పోయినేడూ అంతే కదా. అప్పుడు నేను జెండా ఊపింది కరెక్టేనా? ఏడాదిగా అదే ఆలోచన. నీ గడియారంలో ఎంత ఉందో నీకు గుర్తుంటుంది కదా?"

అతని వెనక టైరు దొర్లిస్తున్న లెన్నీ ఆగిపోయాడు.

"ముప్పై పాయింట్ ఒకటి. కరెక్టే ఊపావు" అన్నాను.

రే పెద్దగా ఊపిరి వదిలి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. లెన్నీ మళ్ళీ టైరు దొర్లించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా నోటితో తప్పు చెప్పిన టైము అదొక్కటే. గడియారం ఏం చెప్పాలో చదువుకునే రోజుల్లోనే నేర్చుకున్నాను. మనిషికి ఏం చెప్పాలో నేర్చుకోవడానికి నాకు రెండు మే నెలలు పట్టింది.